ఎవరి పేట వాళ్ళది కావడం ఇష్టమా, చట్టమా?

పాతకాపు:

డెట్రాయిట్‌లో ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, సుమారు అర మైలు పొడవు. 1941లో కట్టారు. నల్లజాతివాళ్ళు అప్పటికే ఉంటున్న పేట పక్కన ఖాళీ స్థలం ఉంటే, అక్కడ తెల్లవాళ్ళకు ఇళ్ళు కట్టి అమ్ముదామని ఒక బిల్డర్ బయల్దేరాడు. పక్కన ఆ పేట ఉంది కాబట్టి ఇంటి అప్పులకు మేము హామీ ఇవ్వలేమని ఫెడరల్ గృహ సంస్థ అడ్డుపడింది. అతను మధ్యలో గోడ లేపాడు. హామీ వచ్చేసింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, ఇప్పుడు దానిమీద రంగురంగుల బొమ్మలు వేశారు.

ఈ కథ చెప్తే మా మిత్రుడొకాయన నవ్వేశాడు. గోడ లేకపోయినా ఎవరి మనుషులతో వాళ్ళే ఉంటారన్నాడు. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్ష కూడదని 1968లోనే అమెరికాలో చట్టం వచ్చింది కదా, యాభై ఏళ్ళు దాటినా కలిశారా అని అడిగాడు. నాకు చప్పున జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది, కానీ అప్పటికి ఆయన నిద్రపోయుంటాడు.

అందుకే ఇక్కడ పెడుతున్నా. పెద్ద నగరాల్లో ఉన్నవాళ్ళు ఒక పక్క, లేనివాళ్ళు ఒక పక్క, ఒక రంగువాళ్ళు ఇటు, ఇంకో రంగువాళ్ళు అటు ఉండడం మనుషుల ఇష్టమా, ఎవరో గీసిన గీతా? గీతే అయితే ప్రభుత్వం పూనుకుని కలపాలా? కలపాలనే నేనంటాను. తిట్టుకోకుండా వాదించండి.

బొత్తాలపెట్టె:

పాతకాపు గారూ, మీ మిత్రుడి మాటను అంత తేలిగ్గా కొట్టేయకండి. థామస్ షెల్లింగ్ అని ఒక ఆర్థికవేత్త, 2005లో నోబెల్ వచ్చినాయన, 1971లో ఆటలాంటి లెక్క ఒకటి ప్రచురించాడు. చదరంగం బల్ల మీద రెండు రకాల నాణేలు కలగాపులగంగా పెట్టండి. కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేయండి. ఒక్కో నాణేనికి ఉన్న కోరిక చాలా చిన్నది: చుట్టుపక్కల మూడోవంతు మంది తనలాంటివాళ్ళుంటే చాలు. మిగతా రెండొంతులూ అవతలివాళ్ళే అయినా దానికి పేచీ లేదు. ఆ కోరిక తీరని నాణేన్ని తీసి, తీరే ఖాళీ గడిలోకి జరపండి. అలా జరుపుతూ పోండి.

కాసేపటికి బల్ల మీద పేటలు ఏర్పడతాయి. ఒక రకమంతా ఒకచోట, రెండో రకమంతా ఇంకోచోట. నేను ఒక ఆదివారం ఎర్ర బొత్తాలు, తెల్ల బొత్తాలతో చేసి చూశాను. నిజంగానే విడిపోయాయి. మా ఆవిడ బొత్తాలకు కూడా పట్టింపులా అంది.

నేను చెప్పేదేంటంటే, దీనికి ద్వేషం అక్కర్లేదు, గోడ అక్కర్లేదు, ప్రభుత్వం కూడా అక్కర్లేదు. ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే నగరం ముక్కలవుతుంది. అలాంటప్పుడు చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

శ్రీమతి సందేహం:

బొత్తాలపెట్టె గారూ, ఆ బల్ల మీద గడికి అద్దె ఎంతండీ? బొత్తాం గడి మారేముందు బ్యాంకుకెళ్ళి అప్పు అడగాలా? ఖాళీ గడి కనిపించినా, నీకు ఇవ్వం అని పక్క బొత్తాం అంటుందా?

షెల్లింగ్ లెక్క తప్పని నేననడం లేదు. అది జరగగలిగేదేమిటో చెప్పింది. అమెరికాలో జరిగిందేమిటో చెప్పాలంటే తేదీలు చూడాలి. 1910లో బాల్టిమోర్ నగరం ఏ వీధిలో ఏ రంగువాళ్ళు ఉండాలో చట్టం చేసింది. అలాంటి చట్టాలు చెల్లవని 1917లో సుప్రీంకోర్టు తేల్చింది. సరే, చట్టం పోయింది. దాని బదులు ఇంటి దస్తావేజులోనే షరతు రాయడం జోరందుకుంది: ఈ ఇంటిని నల్లవాళ్ళకు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని. కొన్నిచోట్ల యూదులు, ఆసియావాళ్ళ పేర్లూ చేర్చారు. ఆ షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పొచ్చే దాకా ఎదురింటివాడు కోర్టుకెక్కితే, డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

ఈలోగా 1934లో గృహరుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ (పాతకాపు గారి గోడ కథలోదే) పుట్టింది. దస్తావేజుల్లో ఆ షరతు ఉంటే మంచిదని ఆ సంస్థ తన మార్గదర్శకాల్లోనే రాసుకుంది. 1947లో న్యూయార్క్ శివార్లలో లెవిట్‌టౌన్ అనే పెద్ద ఇళ్ళ కాలనీ మొదలైంది. 17 వేలకు పైగా ఇళ్ళు, ఒక్కోటి ఎనిమిది వేల డాలర్ల లోపే, యుద్ధం నుంచి వచ్చిన సైనికులకైతే ముందు డబ్బు కూడా పెద్దగా కట్టక్కర్లేదు. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన నల్ల సైనికుడికి మాత్రం లోపలికి రానివ్వని షరతు.

ఇక ఇష్టం అంటారా? తలుపు ఒకవైపు నుంచే తెరుచుకునేటప్పుడు బయట నిలబడ్డవాణ్ణి చూసి వాడికి బయటే ఇష్టం అనుకోవడం నాకు కుదరదు.

ఎర్రసిరా:

చిన్న సవరణ. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు ఆ రంగుల మ్యాపులు తెచ్చి పెడతారు కాబట్టి ముందే చెప్తున్నా. 1930లలో ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన ఇంకో సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు మ్యాపులు గీయించింది. ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు. ఎరుపు అంటే అప్పుకు ప్రమాదం. రెడ్‌లైనింగ్ (పేటను చూసి అప్పు నిరాకరించడం) అనే మాటకు ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ మ్యాపుల బొమ్మలే.

నిజం కొంచెం గజిబిజి. ఆ సంస్థ ఎర్ర పేటల్లో కూడా అప్పులిచ్చింది, అదీ బాగానే ఇచ్చింది. ఎర్ర రంగు పడ్డ పేటల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళే, పేద తెల్లవాళ్ళు. నల్లవాళ్ళ పేటలకు మాత్రం దాదాపు అన్నిటికీ ఎరుపే పడింది. అసలు దెబ్బ కొట్టింది ఆ మ్యాపులు కావు, సందేహం గారు చెప్పిన రుణహామీ సంస్థ. దాని లెక్కలు దానివి. మ్యాపు బొమ్మ అందంగా ఉంటుంది కాబట్టి నేరం దానిమీద పడింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అవతలివాళ్ళు ఈ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కథే కట్టుకథ అంటారు.

పాతకాపు:

మంచి పని చేశారు. నేను రేపు ఆ మ్యాపే పెడదామనుకున్నా.

బేరం:

అందరూ 1930, 1940 అంటున్నారు. ఇప్పటి సంగతి చూద్దామా?

నగరంలో రెండు గుంపులు ఎంత విడిగా ఉన్నాయో కొలవడానికి ఒక సూచీ ఉంది. సున్నా అంటే ప్రతి పేటలోనూ నగరంలో ఉన్న నిష్పత్తిలోనే కలిసి ఉన్నారని. నూరు అంటే పూర్తిగా వేరు. మధ్యలో ఏ సంఖ్య వచ్చినా, సమానంగా సర్దుకోవాలంటే ఒక గుంపులో నూటికి అంతమంది ఇల్లు మారాలన్నమాట. అమెరికా నగర ప్రాంతాల్లో నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య ఇది సగటున 1970లో 79. 2010 నాటికి 59. షికాగో, మిల్వాకీ లాంటివి ఇంకా మొండిగానే ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ దిగుతోందా లేదా?

ఇప్పుడు డబ్బు సంగతి. మధ్యతరగతి పేటల్లో ఉండే కుటుంబాలు 1970లో నూటికి 65. 2007కి 44. మిగతావాళ్ళు అటు బాగా ఉన్నవాళ్ళ పేటలకో, ఇటు బాగా లేనివాళ్ళ పేటలకో పోయారు. రంగు గీత చెరుగుతుంటే డబ్బు గీత ముదురుతోంది. ఇది 1941 గోడ కథ కాదు. ఎవరి జేబుకు తగ్గ ఇల్లు వాళ్ళు కొంటున్నారు, అంతే. ఖరీదైన కారు నాకు అందడం లేదని దాన్ని వివక్ష అంటామా?

శ్రీమతి సందేహం:

బేరం గారూ, మీ అంకెలు రెండూ నిజమే. వాటి పక్కన మూడోది పెడతాను. 2011లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ లోగన్ వెలువరించిన నివేదికలో ఉంది. ఏడాదికి 75 వేల డాలర్లకు మించి సంపాదించే నల్లజాతి కుటుంబాలు సగటున ఉంటున్న పేట, 40 వేల లోపు సంపాదించే తెల్ల కుటుంబాలు ఉంటున్న పేట కన్నా పేద పేట.

మళ్ళీ ఒకసారి చదవండి. సంపాదన దాదాపు రెట్టింపు, పేట మాత్రం తక్కువది. జేబుకు తగ్గ ఇల్లే అయితే ఇలా ఎందుకుంటుంది?

ఇక కారు పోలిక. కారు కొనకపోతే నా పిల్లాడు చదివే బడి మారదు. ఇల్లు కొంటే మారుతుంది. మనం కొనేది గోడలు, పైకప్పు కాదు కదా. ఆ వీధికి అంటుకుని ఉన్న బడి, ఆసుపత్రి, బస్సు, పోలీసు తీరు, ఉద్యోగం చెప్పే పక్కింటాయన, అన్నీ కట్టగట్టి కొంటున్నాం.

నిర్వాహకుడు:

ఒక వ్యాఖ్య తీసేశాం. ఏ జాతికి ఎంత తెలివి అనే లెక్కలు ఈ చర్చలో వద్దు. కొనసాగించండి.

మూడోగది:

నేను ఎప్పుడూ చదవడమే, రాయడం తక్కువ. సందేహం గారి చివరి మాట గుచ్చుకుంది కాబట్టి రాస్తున్నా.

అమెరికాలో మేము ఇల్లు కొన్నప్పుడు మొదట చూసింది ఇల్లు కాదు, స్కూల్ రేటింగ్. పదికి ఎనిమిది లోపు ఉన్న ఊళ్ళను వెబ్‌సైట్‌లో కనపడకుండా వడకట్టేశాం. మా స్నేహితులందరూ అదే చేశారు. ఎవరి రంగు గురించీ మేము అడగలేదు. ఏజెంటు కూడా చెప్పలేదు, చెప్పడం చట్టప్రకారం తప్పు. ఆయన "ఇక్కడ స్కూళ్ళు బావుంటాయి" అన్నారు. అంతే. ఆ నాలుగు మాటల్లో మిగతాదంతా ఉందని మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

కొన్నాక తెలిసిన సంగతులు ఇంకొన్ని. మా ఊళ్ళో ఎక్కువ భాగంలో ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఇల్లు కట్టాలి. స్థలం ఇంతకు తగ్గకూడదు. అపార్ట్‌మెంట్ కట్టడానికి వీల్లేదు. అంటే మా వీధిలో చిన్న ఇల్లు అనేదే ఉండదు. స్కూల్లో మా పిల్లలకు పాఠం చెప్పే టీచర్లలో చాలామంది ఈ ఊళ్ళో ఉండలేరు. ఒకావిడ రోజూ పొద్దున గంటసేపు కారు నడిపి వస్తుంది.

అడిగితే అందరూ చెప్పేది ట్రాఫిక్, పార్కింగ్, ఊరి స్వభావం. రంగు మాట ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన అవసరం లేదు కూడా.

ఎర్రసిరా:

మూడోగది గారు చెప్పిన నియమాలకు తాత ఒకడున్నాడు. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే ఊరు. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో ఊరు నిర్ణయించొచ్చని 1926లో సుప్రీంకోర్టు ఆ ఊరి పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పులో అపార్ట్‌మెంట్ భవనాన్ని సొంత ఇళ్ళ మధ్య చేరే పరాన్నజీవితో పోల్చారు. ఇటు 1917లో రంగు పేరుతో గీత గీయొద్దన్న కోర్టే, అటు తొమ్మిదేళ్ళకు స్థలం కొలతతో గీత గీసుకోమంది.

రెండో తాత 1974 నాటిది. డెట్రాయిట్ బడుల్లో నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు కలవాలంటే చుట్టూ ఉన్న శివారు ఊళ్ళ బడులను కూడా కలుపుకోవాలని కింది కోర్టులు అన్నాయి. ఎందుకంటే అప్పటికి తెల్లవాళ్ళు చాలామంది ఆ ఊళ్ళకు వెళ్ళిపోయారు. సుప్రీంకోర్టు 5–4 తేడాతో కుదరదంది. శివారు స్కూలు జిల్లాలు (ఒక్కో ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థలు) తప్పు చేశాయని రుజువైతే తప్ప వాటి హద్దు దాటకూడదు. ఆ రోజు నుంచి స్కూలు జిల్లా హద్దే డెట్రాయిట్ గోడ. ఆరడుగులు కూడా అక్కర్లేదు, మ్యాపులో గీత చాలు. బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది కాబట్టి గీతకు ఇటు ఇళ్ళ ధర పెరిగితే ఇటు బడే బాగుపడుతుంది.

బొత్తాలపెట్టె గారూ, మీ బల్ల మీద ఇది ఎక్కడ పెడతారు?

బొత్తాలపెట్టె:

ఎక్కడా పెట్టలేను, నిజమే. బల్ల మీద ఖాళీ గడి అందరికీ ఒకటే. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

కానీ రెండో ప్రశ్న మిగిలే ఉంది. గీతలన్నీ చెరిపేశాక కూడా మనుషులు తమవాళ్ళ దగ్గరికే చేరితే? చైనాటౌన్లు చూడండి. మొదట వాటిని తయారుచేసింది భయమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనావాళ్ళను ఆ నాలుగు వీధులు దాటి బతకనిచ్చేవాళ్ళు కాదు. కానీ కొత్తగా దిగినవాడికి భాష రాకపోయినా పని దొరికేది అక్కడే, అప్పు పుట్టేది అక్కడే. స్వీడన్ 1985 నుంచి కొన్నేళ్ళు శరణార్థులను దేశమంతటా చెదరగొట్టి ఊళ్ళు కేటాయించింది. ఆ కేటాయింపు ఆధారంగా తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, పెద్దగా చదువుకోనివాళ్ళకు తమ దేశంవాళ్ళు ఎక్కువగా ఉన్నచోటే సంపాదన మెరుగ్గా ఉంది. వాళ్ళ మంచికేనని చెదరగొట్టిన పని వాళ్ళ జేబుకే చేటు చేసిందన్నమాట.

పాతకాపు:

కోరుకుని చేరడం వేరు, వెళ్ళే దారి లేక మిగలడం వేరు. చైనాటౌన్ నుంచి మనవడు బయటికి వెళ్ళగలిగితే అది పుట్టిల్లు. వెళ్ళలేకపోతే ఇంకోటి.

సింగపూర్ గురించి ఎవరైనా చెప్పండి. అక్కడ కలిపారంటారు.

వరుససంఖ్య:

సింగపూర్‌లో కొన్నేళ్ళు ఉన్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. అక్కడ దాదాపు నూటికి 80 మంది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1989 నుంచి ప్రతి బ్లాకుకూ, ప్రతి పేటకూ జాతులవారీగా పరిమితి. చైనీయులు పేటలో 84 శాతం, బ్లాకులో 87 దాటకూడదు. మలయ్‌లు 22, 25. భారతీయులూ ఇతరులూ కలిపి 12, 15. లిఫ్ట్‌లో నిజంగానే అందరూ కనిపిస్తారు. ఒకరి పండగకు ఇంకొకరు పలకరించుకోవడం మామూలే.

అయితే ఇది గాలిలోంచి ఊడిపడలేదు. 1966లో వచ్చిన భూసేకరణ చట్టంతో నేల దాదాపు అంతా ప్రభుత్వం చేతిలోకి వచ్చింది కాబట్టి అయింది. ఇల్లూ వాళ్ళదే, నేలా వాళ్ళదే, ఫ్లాట్ కోసం నిలబడే వరుసా వాళ్ళదే. నేల ప్రైవేటు చేతుల్లో ఉన్న నగరంలో ఇది చేయమంటే ఎలా?

ఇంకో చిక్కు ఉంది. బ్లాకులో చైనీయుల పరిమితి నిండిందనుకోండి. అక్కడున్న భారతీయుడు తన ఫ్లాట్ చైనీయుడికి అమ్మలేడు. కొనేవాళ్ళే తగ్గిపోతారు, ధర తగ్గించుకోవాలి, నెలల తరబడి ఆగాలి. ఆ నష్టం ఎక్కువగా తక్కువ జనాభా ఉన్నవాళ్ళకే. 2022లో ప్రభుత్వమే ఒప్పుకుని, అమ్మలేక ఇరుక్కున్నవాళ్ళ ఫ్లాట్లు కొన్ని తిరిగి కొనే పద్ధతి పెట్టింది. నాకు తెలిసినాయన ఒకరు అమ్మకం కోసం తొమ్మిది నెలలు తిరిగారు. కలిసి ఉండడం మంచిదే, బిల్లు నాకెందుకొచ్చిందో అర్థం కాలేదనేవారు.

ఇంకోటి, జాతులు కలిశాయి గానీ డబ్బు కలిసిందా? సొంత నేలమీద బంగళాల్లో ఉండేవాళ్ళకు ఈ కోటా ఏదీ లేదు.

బేరం:

ఇదే నేననేది. ప్రభుత్వం వేలు పెట్టినచోటల్లా ఇంకో చిక్కు.

ఎర్రసిరా:

వేలు తీసేస్తే ఏమవుతుందో కూడా చూడండి మరి. దక్షిణాఫ్రికాలో ఏ జాతి ఎక్కడుండాలో 1950 చట్టం నిర్ణయించింది. దాని కింద 1966లో కేప్‌టౌన్ నడిబొడ్డున ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవాళ్ళ ప్రాంతమని ప్రకటించి 60 వేలమందికి పైగా మనుషులను ఇసుక మైదానాలకు తోలేశారు. 1991లో ఆ చట్టం రద్దయింది. 1994 తర్వాత కొత్త ప్రభుత్వం పేదలకు లక్షల సంఖ్యలో ఇళ్ళు ఉచితంగా కట్టి ఇచ్చింది. మంచి ఉద్దేశమే. కట్టింది ఎక్కడ? నేల చవగ్గా దొరికేచోట. నేల చవగ్గా దొరికేది ఎక్కడ? పాత ప్రభుత్వం జనాన్ని తోలేసిన శివార్లలో, పనికి దూరంగా. చట్టం పోయింది, బలవంతం లేదు, మార్కెట్ ధర చూసి కట్టారు. వచ్చింది పాత మ్యాపే.

నేల ధరకు జ్ఞాపకశక్తి ఎక్కువ బేరం గారూ. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు.

శ్రీమతి సందేహం:

కలిపితే లాభం ఉందా లేదా అన్నదానికి ఒక పెద్ద ప్రయోగమే జరిగింది. 1994లో మొదలుపెట్టి అయిదు అమెరికా నగరాల్లో, బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్‌లలో, బాగా పేద పేటల్లోని ప్రభుత్వ గృహాల్లో ఉండే దాదాపు 4,600 కుటుంబాలకు లాటరీ తీశారు. కొందరికి పేదరికం పది శాతం లోపున్న పేటలో అద్దెకుండడానికే చెల్లే వోచర్ ఇచ్చారు. పదేళ్ళ తర్వాత చూస్తే పెద్దవాళ్ళ సంపాదన ఏమీ పెరగలేదు. ప్రయోగం విఫలం అన్నారు. ఆరోగ్యం, మనసు కుదుటపడ్డాయన్న సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

2015లో రాజ్ చెట్టి బృందం మళ్ళీ లెక్కలు తీసింది. ఈసారి చూసింది ఆనాటి పిల్లలను. పదమూడేళ్ళ లోపు వయసులో మారిన పిల్లలు ఇరవైల మధ్యకొచ్చేసరికి, మారనివాళ్ళ కన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారినవాళ్ళకు లాభం లేదు, ఒకింత నష్టమే. అంటే పేట అనేది మందులాంటిది, ఎన్నేళ్ళు తీసుకున్నామన్నదాన్ని బట్టి పనిచేస్తుంది.

కాబట్టి పాతకాపు గారితో నేనూ ఏకీభవిస్తున్నా. కలపాలి.

కిందిఅంతస్తు:

ఇందాకటి నుంచీ చదువుతున్నా. అందరూ బాగానే రాస్తున్నారు గానీ ఒక్క సంగతి చూడండి. కలపడం అని అన్నప్పుడల్లా కదిలింది ఎవరు?

లాటరీలో వోచర్ తీసుకుని వెళ్ళింది పేదవాళ్ళు. సెయింట్ లూయిస్‌లో పేదలకని పదకొండంతస్తుల భవనాలు 33 కట్టి, రిపేర్లు చేయక పాడుపెట్టి, 1972 నుంచి కూల్చుకుంటూ పోయారు. ఖాళీ చేసి పోయింది అక్కడి పేదవాళ్ళు. షికాగోలో పాత ప్రభుత్వ గృహాలు కూల్చి మిశ్రమ పేటలు కట్టారు, తిరిగి రాలేకపోయినవాళ్ళు మళ్ళీ వాళ్ళే. డెన్మార్క్ 2018లో ఏకంగా చట్టమే చేసింది. పాశ్చాత్యేతర మూలాలవాళ్ళు సగానికి మించి, ఉద్యోగం, చదువు, ఆదాయం వగైరా కొలతల్లోనూ వెనకబడి, ఏళ్ళ తరబడి జాబితాలో ఉన్న పేటల్లో కుటుంబాలకు తక్కువ అద్దెకిచ్చే సామాజిక గృహాలు 2030 కల్లా పేటలోని మొత్తం ఇళ్ళలో 40 శాతానికి మించకుండా తగ్గించాలట. కూల్చినా సరే, అమ్మినా సరే. అద్దె సక్రమంగా కట్టుకుంటూ, గొడవలు లేకుండా ఉన్న ముసలావిడ కూడా సామాను కట్టుకోవాల్సిందే, ఆవిడ తప్పల్లా పక్కవాళ్ళు కూడా ఆవిడలాగే ఉండడం.

అందరూ ఒకేలా ఉన్న పేట సమాజానికి చెడ్డదే అనుకుందాం. అప్పుడు నూటికి తొంభైమంది కోటీశ్వరులున్న పేట కూడా చెడ్డదే కదా? దాన్ని ఎవరైనా జాబితాలో పెట్టారా? ఇక్కడ మిశ్రమం తక్కువైంది, సగం బంగళాలు కూలుస్తాం అన్నారా? సింగపూర్ కోటా ఒక్కటే నాకు కాస్త నచ్చింది, అది మెజారిటీకి కూడా పరిమితి పెట్టింది కాబట్టి. అదీ ఫ్లాట్ల వరకే, బంగళాలకు లేదని వరుససంఖ్య గారే చెప్పారు.

సందేహం గారూ, 31 శాతం సంతోషమే. కానీ అది వెళ్ళిన పిల్లల లెక్క. వెళ్ళనివాళ్ళు అదే బడిలో ఉన్నారు. పేట మొత్తాన్ని వోచర్ల మీద పంపిస్తారా? పంపిస్తే అవతల రేటింగ్ ఎనిమిది పేటలో చోటుందా?

నేను పెరిగింది నలుగురూ పోవద్దని చెప్పే పేటలో. పేరు చెప్పను. మాకు కావాల్సింది కోటీశ్వరుడి పొరుగు కాదు. బస్సు. పారిస్ పక్కన క్లిషీ-సూ-బ్వా ఉంది చూడండి, 2005లో ఇద్దరు కుర్రాళ్ళు పోలీసుల నుంచి పారిపోతూ కరెంటు సబ్‌స్టేషన్‌లో చనిపోతే మూడు వారాలు దేశమంతా మంటలు లేచాయి కదా, అది పారిస్‌కు పదిహేను కిలోమీటర్లే. అక్కడికి ట్రామ్ వచ్చింది 2019 చివర్లో. మధ్యలో పద్నాలుగేళ్ళు. మిశ్రమం గురించి మాత్రం ఎన్ని సదస్సులో.

పాతకాపు:

ఇది చదివి రెండుసార్లు జవాబు రాసి చెరిపేశాను.

కలపాలి అన్నప్పుడు నా మనసులో ఉన్న బొమ్మ కూడా అదే. పేద పేట నుంచి ఒక కుటుంబం సామాను కట్టుకుని మంచి పేటకు రావడం. అటు నుంచి ఇటు ఎవరైనా రావడం నా బొమ్మలో లేదు. గీత జరగడం కూడా లేదు.

అయినా ఫ్రాన్స్ దగ్గర మీతో చిన్న పేచీ. అక్కడ 2000 నాటి చట్టం తిరగేసి పట్టుకుంది. నగర ప్రాంతాల్లో ఓ మోస్తరు పెద్ద ఊరేదైనా తన ఇళ్ళలో 20 శాతం సామాజిక గృహాలు పెట్టాలి, 2013లో దాన్ని చాలా ఊళ్ళకు 25 చేశారు. పెట్టకపోతే జరిమానా. అంటే ఉన్న ఊరే మారాలి.

కిందిఅంతస్తు:

పారిస్ పక్కనే న్యీ-సుర్-సేన్ ఏళ్ళ తరబడి జరిమానా కట్టుకుంటూ కూర్చుంది పాతకాపు గారూ. దగ్గర డబ్బున్న ఊరికి జరిమానా అంటే ప్రహరీ గోడకు ఏటా కట్టే అద్దె.

అయినా ఒప్పుకుంటా. ఆ చట్టం వల్ల మిగతా చాలా ఊళ్ళలో ఇళ్ళు వచ్చాయి. వేలు చూపించింది సరైనవాళ్ళ మీదే.

బేరం:

సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటా. నేను మార్కెట్ మార్కెట్ అంటున్నా గానీ, నా స్థలంలో రెండు వాటాల ఇల్లు కట్టుకుంటానంటే వద్దనే నియమం మార్కెట్ కాదు. అది పక్కింటివాళ్ళ వీటో. ఆ వీటో తీసేయడానికి కోటా అక్కర్లేదు, కూల్చడం అక్కర్లేదు, ఎవర్నీ కదిలించక్కర్లేదు. మినియాపోలిస్ 2018లో నగరమంతటా ఒక స్థలంలో మూడు వాటాల దాకా కట్టుకోవచ్చని ఓటేసింది. దాంతో రాత్రికి రాత్రి అందరూ కలిసిపోతారని నేననను. కొత్త వాటాలకు కూడా అద్దె ఉంటుంది, పేదవాడికి అందకపోవచ్చు. కానీ కనీసం తలుపు బయటవైపు నుంచి కూడా తెరుచుకుంటుంది.

మీ అందరి పక్షానికి వచ్చేశానని అనుకోకండి. కోటాలకు నేను ఇప్పటికీ వ్యతిరేకమే.

మూడోగది:

బేరం గారు రాసింది చదివి ఇది చెప్పాలనిపించింది. మా ఊళ్ళో వచ్చే నెల సరిగ్గా దానిమీదే విచారణ సభ ఉంది. రైలు స్టేషన్‌కు అర మైలు లోపు స్థలాల్లో రెండు వాటాలు, మూడు వాటాలు కట్టుకోనివ్వాలా అని. మా వీధి ఆ అర మైలులోనే వస్తుంది. మొన్న శనివారం పక్కింటావిడ సంతకాల కాగితం పట్టుకొచ్చింది. "ఊరి స్వభావాన్ని కాపాడండి" అని పైన రాసుంది. ఆవిడ మంచి మనిషి, మా పాప పుట్టినప్పుడు వారం రోజులు భోజనం పంపింది. అప్పటికే ఆ కాగితం మీద మనవాళ్ళ పేర్లు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను.

చదివి ఇస్తానని లోపల పెట్టాను. ఇంకా బల్ల మీదే ఉంది. మా ఆయన సంతకం పెట్టేయమంటున్నారు, ఇంటి ధర పడిపోతుందని ఆయన టెన్షన్. అప్పు ఇంకా ఇరవై మూడేళ్ళుంది, ఆయన భయం కూడా అబద్ధం కాదు.

బొత్తాలపెట్టె:

సంతకం పెట్టకపోతే ఆవిడ అడుగుతుందా?

మూడోగది:

అడుగుతుంది. రేపు సాయంత్రం వస్తానంది.

కిందిఅంతస్తు:

సభలో ఎవరైనా మాట్లాడొచ్చా, లేక ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళేనా?

మూడోగది:

ఆ ఊళ్ళో ఉండేవాళ్ళే. చిరునామా చెప్పి మొదలుపెట్టాలి. గంట దూరం నుంచి వచ్చే టీచరమ్మకు అవకాశం లేదు, అది ఇప్పుడే గమనించాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

పాతకాపు:

మూడు నిమిషాలంటే సుమారు మూడు వందల మాటలు. రాసుకుని వెళ్ళండి. ముందు ఇక్కడ పెడితే ఎర్రసిరా గారు తప్పులు దిద్దుతారు.